దెయ్యాల అడవిలో కలప కొట్టేదెవరు? నా ఫాంటసీ నవలకి సలహా కావాలి

లంకకుర్రోడు:

అందరికీ నమస్కారమండీ. మాది ముమ్మిడివరం దగ్గర ఒక లంక. రెండేళ్ళుగా రాత్రిపూట ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. పన్నెండు అధ్యాయాలయ్యాయి, పదమూడో దాంట్లో బండి బురదలో దిగబడింది. ఆ అధ్యాయం కూడా ఇక్కడ పెట్టాను.

కథ ఇది. గోదారి సముద్రంలో కలిసేచోట ఒక మడ అడవి. పేరు నిద్రమాను అడవి. ఎప్పుడో ఉప్పెనలో ఓడలతో సహా పోయినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో చెట్టులో నిద్రపోతుంటారు. ఆ చెక్కతో కట్టిన పడవ మునగదు. లోపలున్నవాడు ఒకసారి మునిగాడు కదా, రెండోసారి ఒప్పుకోడు. ఒక్క పలక ఖరీదు ఎకరం కొబ్బరితోట.

పూర్తిగా గాల్లోంచి పుట్టించింది కాదు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో ఇంకోసారి ఉప్పెన వచ్చి కోరంగి రేవుని దెబ్బతీసింది. బర్మా వెళ్ళిన మనవాళ్ళని అక్కడ 'కోరంగీలు' అనేవారంటే ఆ రేవు ఏపాటిదో ఊహించుకోండి. ఇప్పుడక్కడ మడ అడవి, చెక్క వంతెన, దాని మీద సెల్ఫీలు. మూడేళ్ళ కిందట మేం వెళ్ళేసరికి పాటు తీసి, నీళ్ళు వెనక్కి పోయి ఉన్నాయి. బురదలోంచి శ్వాసవేర్లు వేళ్ళంత పొడుగున, నిటారుగా, వందలకొద్దీ. ఒకదాని మొన పక్కన గోరంత ఎర్ర పీత డెక్క ఎత్తి నిలబడింది. మా మేనల్లుడు వంగి చూసి, "మావయ్యా, కింద ఎవరో పడుకుని చేతులు పైకెత్తారు" అన్నాడు. నవల ఆలోచన అక్కడ మొదలైంది.

ఇప్పుడు సమస్య మా ఆవిడ. చదివి రెండు ప్రశ్నలు వేసింది. "మునగని పడవంటే రాజుగారు ఊరుకుంటారా? పదేళ్ళలో అడవి బోడిగుండు అయిపోదూ? పోనీ వెళ్ళినవాళ్ళందర్నీ దెయ్యాలు చంపేస్తుంటే చెక్క బజారుకెలా వచ్చింది, రేటెవరు కట్టారు?" నా దగ్గర జవాబు లేదు. కలప పని తెలిసినవాళ్ళెవరైనా ఉంటే కాస్త చెప్పండి.

బాడిస తాత:

బాబూ, నలభై ఏళ్ళు రాజమండ్రిలో కలప అడితిలో దుంగలు కొలిచినవాణ్ణి. దెయ్యాల సంగతి నాకు తెలియదు. మీరు పెట్టిన అధ్యాయం చదివాను. మీవాళ్ళు పొద్దున చెట్టు కొట్టి సాయంత్రానికి అమ్మేస్తున్నారు. అలా ఎక్కడా కుదరదు.

బర్మాలో టేకుని ఎలా తీసేవారో చూడండి. ముందు చెట్టు మొదట్లో బెరడు, దాని కింద తెల్లభాగం, చేవ దాకా (అంటే లోపలి గట్టి చెక్క దాకా) చుట్టూ వలిచి వదిలేసేవారు. చెట్టు నిలబడే చచ్చిపోతుంది, నిలబడే ఆరుతుంది. అలా రెండు మూడేళ్ళు. పచ్చి టేకు బరువు మీద సరిగ్గా తేలదు, ఆరితేనే ఏట్లో వేసి తేగలరు. ఎర్రచందనం చేవైతే ఆరినా నీళ్ళలో మునుగుతుంది, అది వేరే సంగతి.

మీ కథకి కావలసినది ఆ మూడేళ్ళు. ఇవాళ గాటు పెడతారు, డబ్బు మూడేళ్ళకి. ఈలోగా చెట్టు చచ్చి నిలబడే ఉంటుంది, లోపలివాడికి మెలకువ వస్తుంటుంది. కాపలా ఎవరు పడుకుంటారు? పెట్టుబడి ఎవరు పెడతారు? మీ ఇంటావిడ అడిగినదానికి సగం జవాబు అందులోనే ఉంది.

ఇంకొకటి. అడవి నుంచి లెక్కప్రకారం వచ్చే దుంగ మీద సుత్తి ముద్ర, అంటే సుత్తితో కొట్టిన గుర్తు, ఉంటుంది. మీ కథలో ముద్రే లేదు. దొంగ కలప, దొర కలప తేడా ఎలా తెలుస్తుంది?

తాళ్ళరేవు ఆడపడుచు:

తాతగారూ, మీరు చెప్పింది టేకుకి బాగుంది కానీ మడచెట్టుకి అతకదండీ. మడ అడవిలో తిన్నని మాను దొరకడం గగనం. పలకలు కోయడం ఏమిటి, మా చిన్నప్పుడు ఆ కర్ర పొయ్యిలోకీ దడికీ తప్ప దేనికీ వచ్చేది కాదు.

మా నాన్నగారి వైపు మూడు తరాలు పడవలు కట్టారు. పడవకి పైన కనిపించే పలకలే కాదు, లోపల పక్కటెముకల్లా వంపు కర్రలుంటాయి. తిన్నని చెక్కని వంపుగా కోస్తే నార తెగుతుంది, మొదటి పెద్ద కెరటానికి అక్కడే విరుగుతుంది. పుట్టుకతోనే వంగిన కొమ్మ కావాలి. మా తాత పలచటి చెక్క అచ్చు చంకలో పెట్టుకుని తుమ్మచెట్ల మధ్య తిరిగేవారట. కొమ్మకి ఆనించి, ఒక కన్ను మూసి చూసి, "ఇది కాదు" అని ఇంకో చెట్టు దగ్గరికి. ఒక్కోసారి పొద్దుటి నుంచి చీకటి పడేదాకా అదే మాట.

అందుకని నిద్రమానుకి విలువ వంపులో పెట్టండి. మునిగినప్పుడు మనిషి ఎలా ఉన్నాడో చెట్టు అలా పెరుగుతుంది. మోకాళ్ళు ముడుచుకున్నవాడు పడవ అడుగుకి, చెయ్యి చాచినవాడు అంచుకి. ఒక పడవకి సరిపడా ఒకరికొకరు అతికేవాళ్ళు దొరకాలి కదా! రాజుగారు అడవంతా నరికించినా వంటచెరుకే మిగులుతుంది. వడ్రంగి ఒక్కడే వెళ్ళాలి, అచ్చు పట్టుకుని, ఒక్కో చెట్టునీ తాకి చూస్తూ.

దెయ్యం కంటే ముందు తిల్ల చెట్టుని కూడా తెండి. గాటు పడగానే తెల్లటి పాలు కారతాయి, కంట్లో పడితే మంట, కొంతసేపు చూపుండదు. చూపు లేనివాడికి పక్కనుంచి మాటలు వినపడితే చాలు, మీరింకేం రాయక్కర్లేదు. పోటుకి లోపలికెళ్ళినవాడు పాటు మొదలవకముందే బయటపడాలి, లేకపోతే పడవ బురదలో కూర్చుంటుంది. ఎంతసేపు ఉండొచ్చో గోదారే చెబుతుంది.

పుంతలో పురుగు:

అసలు దెయ్యాలెందుకండీ? కలప దొంగలే రాత్రి కొరివి పట్టుకుని తిరిగి కొరివి దెయ్యమని పుకారు పుట్టించారని రాస్తే సరిపోతుంది. మా ఊళ్ళో రొయ్యల చెరువుకి కాపలా కుర్రాడు ఇదే చేశాడు. నెల రోజులు ఒక్క రొయ్య పోలేదు.

లంకకుర్రోడు:

పురుగుగారూ, ఆ కుర్రాణ్ణి నవల్లోకి తీసుకుంటాను, కానీ నా దెయ్యాలు నిజం దెయ్యాలే. అందులో బేరం లేదు.

ఆడపడుచుగారూ, మీ తాతగారి "ఇది కాదు" దెబ్బకి పదమూడో అధ్యాయం మొత్తం కొట్టేశాను. ఇప్పుడు వడ్రంగికి ముప్ఫయ్యో కర్ర ఒక్కటే దొరకడం లేదు. అచ్చు పట్టుకుని తిరుగుతున్నాడు. ఆ వంపు ఎవరిదో వాడికి తెలుసు, పైకి చెప్పడు.

తాతగారూ, మీ సుత్తి ముద్ర దగ్గర నాకు ఇంకోటి గుర్తొచ్చింది. 1986 వరదల్లో మా తాత గోదాట్లో కొట్టుకొచ్చిన దుంగ ఒకటి పట్టుకొచ్చి వీధి తలుపు చేయించాడు. ఎవరిదని అడిగితే "గోదారిది" అనేవాడట. ప్రతి వానాకాలం ఆ తలుపు గుమ్మంలో బిగుసుకుని మూలుగుతుంది. నాయనమ్మ దానికి పసుపు రాసేది.

బాడిస తాత:

మూలుగుడికి కారణం చెమ్మ. సరిగ్గా ఆరకముందే కోయించి ఉంటారు, వానల్లో ఉబ్బుతుంది. దెయ్యమేం కాదు. అయినా ఒకసారి తలుపు వెనకవైపు, కింది అంచు దగ్గర చూడండి. దుంగ చివరి ముక్క కలిసివస్తే ముద్ర ఒక్కోసారి మిగిలిపోతుంది.

లంకకుర్రోడు:

అమ్మకి ఫోన్ చేశాను. కింది అంచున రూపాయి బిళ్ళంత గుంట ఉందట, లోపల ఏదో గీత. పైన నాలుగు పూతల ఆకుపచ్చ రంగు. గీకి ఫోటో పంపమన్నాను. ఒప్పుకోలేదు. "నవల రాసుకో, తలుపు జోలికి రాకు" అంది.