అప్‌డేట్: నాన్న ఫ్లాపీలు తెరుచుకున్నాయి

నాన్న డీటీపీ సెంటర్ నడిపిన రోజుల నాటి 11 ఫ్లాపీలు (ఫైళ్లు దాచుకునే పాతకాలం డిస్కులు) అటక మీద దొరికాయి, వాటిలో ఏముందో చూసేదెలా అని పోయిన నెల అడిగాను కదా. ఎనిమిది తెరుచుకున్నాయి, మూడు పోయాయి.

యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ తెప్పించా. మొదటిది పెట్టగానే "ఫార్మాట్ చెయ్యాలా?" అంది విండోస్. చేస్తే ఉన్నదంతా పోతుంది, గుండె జారిపోయింది. ముందే ఫ్లాపీ మూలనున్న చిన్న మీటను జరిపి కన్నం తెరిచి ఉంచా కాబట్టి బతికిపోయా. కన్నం తెరిచి ఉంటే డ్రైవ్‌కి దాని మీద ఏమీ రాయడం, చెరపడం కుదరదు. తీసి మళ్లీ పెడితే చదివింది.

పోయిన మూడింటి రేకు మూత జరిపి చూస్తే, లోపలి పల్చటి బిళ్ల మీద తెల్లటి బూజు. అందులో ఒకటి తిరగ్గానే డ్రైవ్‌లో చదివే హెడ్డుకి మురికి పట్టి, బాగున్నవి కూడా మొరాయించాయి. స్పిరిట్‌తో తుడిచాక దారికొచ్చింది. బూజు పట్టినవి అసలు పెట్టకండి బాబూ.

ఒక్కోటి 1.44 ఎంబీ. ఇప్పుడు ఫోన్‌లో తీసిన ఒక్క ఫోటో కూడా అందులో పట్టడం కష్టం. నాన్న మాత్రం సీజన్ మొత్తం శుభలేఖలు ఒక్కదాంట్లో సర్దేశారు.

ఫైలు తెరిస్తే తెలుగు లేదు, అంతా ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి. అప్పటి ఫాంట్లు యూనికోడ్ (ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ వాడే అక్షరాల పద్ధతి) కావు మరి. "అను" అనే పాత తెలుగు ఫాంట్ వేయగానే "చి.ల.సౌ." అని తేలింది. మా అత్తయ్య పెళ్లి శుభలేఖ! డ్రైవ్ గరగర విని లేచొచ్చిన నాన్న కళ్లజోడు సవరించుకుని, "సుముహూర్తంలో కొమ్ము పోయింది చూడు, దీనికే మీ తాత తిట్టాడు" అన్నారు.