‘పోలిష్ రైడర్’ ఎవరి చేతి పని?

పాతవార్నిష్: న్యూయార్క్‌లోని ఫ్రిక్ కలెక్షన్ మ్యూజియంలో ‘పోలిష్ రైడర్’ అనే, సుమారు 1655 నాటి గుర్రపు రౌతు చిత్రం ఉంది. మ్యూజియం దాని కింద రాసిన పేరు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్‌ది. 1984లో కళా చరిత్రకారుడు యోసువా బ్రయిన్ ఇది రెంబ్రాంట్ శిష్యుడు విల్లెం డ్రోస్ట్‌ది కావచ్చన్నప్పటి నుంచి తగువు తెగలేదు. నేను డ్రోస్ట్ పక్షం. రెంబ్రాంట్ గుర్రపు రౌతులను వేసిందే అరుదు. ఇంకో పెద్దది 1663 నాటి ఫ్రెడరిక్ రీహెల్ చిత్రం.

కుంచెకొస: అరుదుగా వేసినంత మాత్రాన ఆయనది కాకుండా పోతుందా అండీ? కింద కుడివైపు సంతకం ముక్క, ‘ఆర్‌ఇ’ ఉంది కదా.

పాతవార్నిష్: శిష్యుల పని గురువు పేరుతో అమ్ముడయ్యే రోజులవి. సంతకంతో ఏం తేలుతుంది?

కుంచెకొస: సరే, సంతకం వదిలేద్దాం. డ్రోస్ట్ 1654లో సంతకం చేసిన ‘బత్షెబా’ అనే స్త్రీ చిత్రం పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టండి. బత్షెబా ఒంటి మీద రంగు ఎక్కడా గరుకు తగలకుండా కలిసిపోయింది. ఈ రౌతు చిత్రంలో వెనక కొండ చూడండి, కొండ అని పోల్చుకునేంత మటుకే వేసి వదిలేశారు. అదీ ఒకే చేయేనా?

గోదారిగట్టు: అసలు ఎవరెవరి దగ్గర ఉండేది?

కుంచెకొస: 1791లో ఓగిన్స్కీ అనే ప్రభువు పోలండ్ రాజు స్తానిస్వావ్ ఆగస్ట్‌కు పంపాడు, బదులుగా నారింజ చెట్లు అడిగాడు. రెంబ్రాంట్ గుర్రమెక్కించిన కొసాక్ అని ఆ ఉత్తరంలోనే ఉంది. ఆ తర్వాత పోలండ్‌లోని జికూఫ్ కోటలో టర్నోవ్‌స్కీ కుటుంబం దగ్గరికి చేరింది. 1897లో డచ్ కళా చరిత్రకారుడు బ్రెడియస్ అక్కడే చూశాడు. 1910లో కళా విమర్శకుడు రోజర్ ఫ్రై మధ్యవర్తిగా, ఆ మ్యూజియానికి పేరిచ్చిన ఫ్రిక్ 60,000 పౌండ్లకు కొన్నాడు.

పాతవార్నిష్: చూశారా, 1655 నుంచి 1791 దాకా 136 ఏళ్లు కాగితమే లేదు!

కుంచెకొస: ఓగిన్స్కీ కుర్రాళ్లు 1650 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లో చదివారు. అప్పుడే ఆ ఇంటికి చేరి ఉండొచ్చు.

పాతవార్నిష్: ఉండొచ్చు, ఉండొచ్చు! పోయిన చర్చలోనూ మీరిలాగే దాటేశారు. మీకు పేరు కాపాడుకోవడమే కావాలి.

కుంచెకొస: మీకు పేరు పీకేయడమే కావాలి! రెంబ్రాంట్ పని మీద పరిశోధన చేసిన వాన్ డె వెటరింగ్ తేల్చిందేమిటి? చాలా భాగం రెంబ్రాంట్‌దే, కొన్నిచోట్ల వేరే చేయి పూర్తి చేసిందని.

పాతవార్నిష్: నేననేదీ అదే కదా! రెండు చేతులు పడ్డ బొమ్మ కింద ఒక్క పేరే ఎందుకుండాలి?

కుంచెకొస: మొదటి నుంచీ డ్రోస్ట్ అంటూ వచ్చి ఇప్పుడా ఈ మాట? పని మొదలెట్టి రూపం ఇచ్చింది రెంబ్రాంటే. ఆయన పేరు చాలు.

పాతవార్నిష్: చాలదు. పూర్తి చేసినవాడికీ చోటుండాలి. ఆ చోట్లేవో ఒక్కొక్కటే చూద్దాం. బూటు, కోటు చెరగు దగ్గర మొదలుపెడదామా?

కుంచెకొస: సరే, ముందు కోటు చెరగు.