అల్లం కోశాలు లివర్ మచ్చలు పోగొడతాయా?

రావులపాలెం అరటి రైతు:
మా బావగారికి షుగర్, ఫ్యాటీ లివర్ ఉన్నాయండి. మొన్న ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో చూసే స్కాన్) తీసి మచ్చలు ఎఫ్3 దశలో ఉన్నాయన్నారు. అల్లంలోంచి తీసిన నానో కణాలు ఎలుకల లివర్‌ని కాపాడాయని వీడియో చూసి, పరగడుపునే అల్లం రసం తాగుతున్నారు. ఇక షుగర్ బిళ్లలు మానేస్తానంటున్నారు. నిజంగా పనిచేస్తుందంటారా?

కాకినాడ ఫార్మసీ:
బిళ్లలు మాత్రం ఆపనివ్వకండి. వీడియోలో చెప్పింది అబద్ధం కాదు. 2015లో ఆ నానో కణాలు, అంటే అల్లం కోశాలు, తాగించిన ఎలుకల్లో ఆల్కహాల్ వల్ల లివర్‌కి కలిగే దెబ్బ తగ్గింది. కోశమంటే కొవ్వు పొర చుట్టుకున్న అతి సూక్ష్మమైన సంచి. అందులోని షోగాల్ అనే అల్లం పదార్థం లివర్ కణాల రక్షణ వ్యవస్థను మేల్కొలిపింది. అయితే దెబ్బ తగలకుండా కాపాడటం వేరు, ఏళ్లుగా పేరుకున్న మచ్చను కరిగించడం వేరు. మచ్చ వేసేవి లివర్‌లోనే ఉండే స్టెల్లేట్ కణాలు. మామూలప్పుడు విటమిన్ ఏ దాచుకుని కూర్చుంటాయి. లివర్ దెబ్బతింటూనే ఉంటే మచ్చకి పీచులా పనికొచ్చే కొల్లాజెన్ పోస్తూ పోతాయి.

పైగా ఆ కోశాలను వేరు చేయడానికి ల్యాబుల్లో గురుత్వాకర్షణకు లక్ష రెట్ల బలంతో తిప్పుతారు. మిక్సీలో వేసి గుడ్డతో వడకడితే వచ్చేది రసమే.

అమలాపురం పసరు:
ప్రతిదానికీ ల్యాబే కావాలా? మా తాతగారు నేల ఉసిరి పసరుతో ఎంతమందికి కామెర్లు తగ్గించారో ఊరంతా చెబుతుంది. అల్లానికి పేటెంటు రాదు గనక ఏ కంపెనీ మనుషుల దాకా తీసుకురాదు.

కాకినాడ ఫార్మసీ:
తాతగారి మీద గౌరవంతోనే చెబుతున్నానండి. హెపటైటిస్ ఏ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. నేల ఉసిరినీ పరీక్షించారు: 1988లో మద్రాసు వైద్యులు హెపటైటిస్ బి ఉన్నవాళ్లకిస్తే 59 శాతం మందిలో రక్తంలో వైరస్ గుర్తు పోయిందని లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. తర్వాత వేరేచోట్ల చేసినవాళ్లకి ఆ ఫలితం రాలేదు. పేటెంటు సంగతంటారా, కోశాలు తీసే పద్ధతికి తీసుకోవచ్చు.

అమలాపురం పసరు:
ఒకచోట వచ్చి ఇంకోచోట రాకపోతే మొక్క రకం మారి ఉండొచ్చు. వదిలేయకుండా మళ్లీ చెయ్యాలి కదండీ.

కాకినాడ ఫార్మసీ:
చెయ్యాలి, నేనూ అదే కోరుకుంటాను. ఈలోగా బావగారి లివర్ ఆగదు. ఎఫ్3 అంటే తర్వాతిది సిర్రోసిస్, లివర్ అంతా మచ్చకట్టి గట్టిపడటం. పది శాతం బరువు తగ్గితే మచ్చలు వెనక్కి తగ్గినవాళ్లున్నారు. 2024 మార్చిలో అమెరికా ఎఫ్2, ఎఫ్3 దశలకు రెస్మెటిరోమ్ అనే మందును అనుమతించింది. ఆయనకి ఏది తగునో లివర్ డాక్టర్ని అడగండి.

రావులపాలెం అరటి రైతు:
బిళ్లలు మా అక్క చేతికిచ్చేస్తాను, దగ్గరుండి వేయిస్తుంది. రెండు పూటలా కంచం నిండా అన్నం తినే మనిషి, బరువు తగ్గించడమే కష్టం. కూరలో అల్లం వేసుకోవచ్చా?

కాకినాడ ఫార్మసీ:
నిక్షేపంగా వేసుకోండి. అన్నం మాత్రం ఒక పూటకి తగ్గించండి.