అమ్మ పళ్ల ఎస్టిమేట్‌లో ఈ మాటలకు అర్థం ఏమిటి? ఆఫీసు ఇన్సూరెన్స్ వర్తిస్తుందా? – బెంగళూరు

ధర్మవరం_అమ్మాయి

అందరికీ నమస్కారం. మేము మారతహళ్లిలో ఉంటాం. అమ్మ ధర్మవరం నుంచి వచ్చింది. కింద కుడివైపు దవడ పన్ను సలుపుతోంది, చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోంది, రాత్రిళ్లు నిద్ర లేదు. దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్తే ఈ కాగితం ఇచ్చారు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా:

ఓపీజీ
46 – ఆర్‌సీటీ, పీఎఫ్ఎమ్ క్రౌన్
38 – సర్జికల్ ఎక్స్‌ట్రాక్షన్
ఫుల్ మౌత్ స్కేలింగ్
మొత్తం 27,500

మనిషికి ఉండేవే 32 పళ్లు, మరి 46 ఏమిటి? ఆఫీసు పాలసీలో అమ్మానాన్నలకు 5 లక్షల కవర్ ఉంది, 20 శాతం కో-పే. హెచ్‌ఆర్‌ని అడిగితే "డెంటల్ ఓపీడీ సబ్-లిమిట్ 10,000" అని ఒక్క ముక్క మెయిల్ పెట్టారు. 5 లక్షలు ఉండగా ఈ 10,000 ఎందుకు? అమ్మేమో "పీకేస్తే పోతుంది, ఇంత డబ్బెందుకు" అంటోంది. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

కడప_క్లెయిమ్స్

అమ్మా, చాలా ఏళ్లు ఇన్సూరెన్స్ క్లెయిముల పని చేశాను. పళ్ల బిల్లులు తిరిగొచ్చి మనవాళ్లు బాధపడటం చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

ఆ 5 లక్షలు ఆసుపత్రిలో చేరితే వాడుకునేవి. మన దేశంలో చాలా హెల్త్ పాలసీల్లో పళ్ల వైద్యం ఎక్స్‌క్లూజన్స్, అంటే వర్తించని వాటి కిందే ఉంటుంది. ప్రమాదంలో దెబ్బ తగిలి అడ్మిట్ అయితేనే సాధారణంగా ఇస్తారు. మీ కాగితంలోని ఆర్‌సీటీ అంటే రూట్ కెనాల్; కుర్చీలో కూర్చోబెట్టి చేసి ఇంటికి పంపుతారు కాబట్టి అది ఓపీడీ, అంటే అడ్మిట్ కాకుండా చేసే వైద్యం లెక్కలోకి వస్తుంది. అందుకని మీకు అక్కరకొచ్చేది ఆ 10,000 ఒక్కటే. సబ్-లిమిట్ అంటే ఒక పద్దుకు విడిగా పెట్టిన గరిష్ఠ మొత్తం. కో-పే అంటే క్లెయిమ్‌లో మనం భరించే వాటా.

హెచ్‌ఆర్‌ని ఒక్క విషయం రాతపూర్వకంగా అడగండి: ముందు కో-పే తీస్తారా, ముందు లిమిట్ చూస్తారా? మొత్తం బిల్లు అర్హమైందే అనుకుందాం. 27,500లో 20 శాతం, అంటే 5,500 తీసేస్తే 22,000. దానికి లిమిట్ పెడితే మీ చేతికి 10,000 వస్తుంది. అదే ముందు లిమిట్‌కి కుదించి తర్వాత 20 శాతం తీస్తే వచ్చేది 8,000. ఈ వరస పాలసీని బట్టి మారుతుంది. 2,000 తేడా చిన్నదేం కాదు. ఓపీడీలో కో-పే అసలు వర్తిస్తుందో లేదో కూడా కనుక్కోండి.

బిల్లు "డెంటల్ ట్రీట్‌మెంట్" అని ఒకే లైనులో తీసుకోవద్దు. పన్ను నంబరు, ఏ పనికి ఎంత అన్నది విడివిడిగా ఉండాలి. డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరుతో ప్రిస్క్రిప్షన్, డబ్బు కట్టిన రసీదు, రూట్ కెనాల్‌కి ముందు, తర్వాత తీసిన ఎక్స్‌రేలు దాచండి. క్లెయిముకి గడువు ఎన్ని రోజులో ఇప్పుడే చూసుకోండి.

నెట్‌లో వెతికితే డిడక్టిబుల్ (ముందు మనమే కట్టుకోవాల్సిన మొత్తం) అనీ, ఇన్సూరెన్స్ వాళ్లు చెకప్‌కి 100 శాతం, ఫిల్లింగ్‌కి 80, క్రౌన్‌కి 50 అనీ కనిపిస్తుంది. అది అమెరికా పాలసీల పద్ధతి, మీ కాగితానికి సంబంధం లేదు.

పంటి_వైద్యురాలు

నేను కేఆర్ పురం వైపు ప్రాక్టీస్ చేస్తున్నాను. 46ని రెండు అంకెలుగా విడదీసి చదవాలమ్మా. మొదటి అంకె నోట్లో ఏ మూలో చెబుతుంది: 1 పై కుడి, 2 పై ఎడమ, 3 కింది ఎడమ, 4 కింది కుడి. రెండోది ముందు పళ్ల మధ్య నుంచి లెక్క. అంటే 46 కింద కుడివైపు ఆరో పన్ను, అమ్మగారికి సలుపుతున్న దవడ పన్నే. 38 కింద ఎడమ చివర ఉండే జ్ఞానదంతం; సర్జికల్ ఎక్స్‌ట్రాక్షన్ అంటే చిన్న ఆపరేషన్‌లా చేసి దాన్ని తీయడం.

ఓపీజీ అంటే రెండు దవడలూ ఒకేసారి కనిపించే ఎక్స్‌రే. ఆర్‌సీటీ రూట్ కెనాల్: లోపల చెడిన గుజ్జు తీసి, వేర్ల కాలువలు శుభ్రం చేసి నింపుతారు. ఆ తర్వాత పన్ను పెళుసుగా ఉంటుంది, దవడ పన్ను మీద నమిలే బరువు ఎక్కువ, అందుకే పైన తొడిగే క్యాప్, కాగితంలో క్రౌన్ అన్నది అదే. స్కేలింగ్ గార తీయడం.

వేరు, ఎముక బాగుంటే 46ని పీకించకండి. ఆ ఖాళీలోకి పక్క పళ్లు ఒరుగుతాయి, పై పన్ను కిందికి దిగుతుంది. తర్వాత బ్రిడ్జి, అంటే పక్క పళ్ల ఆధారంతో కట్టుడు పన్ను, పెట్టాలంటే రెండు మంచి పళ్లను అరగదీయాలి. 38 సంగతి మాత్రం ఓపీజీ తెరిచి చూపించమని అడగండి. అది పక్కనున్న 37 మీదికి ఒరిగి, మధ్యలో తిండి ఇరుక్కుని, పుచ్చు పట్టిస్తుంటే తీయాలి. ఏ ఇబ్బందీ లేకపోతే అప్పుడప్పుడూ చూపించుకుంటే సరిపోతుంది. షుగర్ ఉన్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా ముందే చెప్పండి. మాత్రలు సొంతంగా ఆపొద్దు.

ధర్మవరం_అమ్మాయి

చాలా థ్యాంక్స్ అండి, కడప అన్నా మీకూ. అమ్మకు 46 గురించి చదివి వినిపించాను, రూట్ కెనాల్‌కి ఒప్పుకుంది. పీఎఫ్ఎమ్ క్యాప్ చాలా, జిర్కోనియా పెట్టించాలా? మిగతా డబ్బు కొంచెం కష్టమే.

పంటి_వైద్యురాలు

దవడ పన్నుకి పీఎఫ్ఎమ్ నిశ్చింతగా పెట్టించుకోవచ్చు. లోపల లోహం, పైన పింగాణీ పూత. చిగురు దిగితే అంచున నల్లటి గీత కనబడొచ్చు, అంత వెనక అదొక లోటు కాదు. జిర్కోనియాలో లోహం ఉండదు, ధర ఎక్కువ.

ఖర్చు మరీ భారమైతే కేఆర్ మార్కెట్ దగ్గర విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. మెట్రోలో మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి, చిక్‌పేట దాటాక వచ్చే కేఆర్ మార్కెట్ స్టేషన్‌లో దిగాలి. ఫీజు తక్కువ, సిట్టింగులు ఎక్కువ పడతాయి. ఎక్కడ చేయించినా క్యాప్ అతికించాక అమ్మగారిని బాగా కొరికి చూడమనండి. ఆ పన్నే ముందు తగులుతుంటే కుర్చీ దిగకముందే చెప్పాలి, అక్కడే అరగదీసి సరిచేస్తారు.