అప్‌డేట్: తాత సర్టిఫికెట్‌లో నెల్లూరు జిల్లా ఎందుకుందో తేలింది

పోయిన నెల అడిగాను కదా, మాది కందుకూరు దగ్గర పల్లె, నేను చదివేటప్పుడు ప్రకాశం జిల్లా. మరి తాత 1956 ఎస్సెస్సెల్సీ బుక్కులో ‘బోర్డు హైస్కూలు, నెల్లూరు జిల్లా’ అని ఎందుకుంది, ఆయన వేరే చోట చదివాడా అని. లేదండీ. నేను చదివిన జడ్పీ హైస్కూలే అది.

శనివారం వెళ్ళి అడిగితే హెచ్‌ఎం గారు పాత బీరువా తీయించారు. అడ్మిషన్ రిజిస్టర్ అంచులు చెదలు తినేశాయి గానీ తాత వరస మిగిలింది: ఫోర్త్ ఫారం (అంటే ఇప్పటి తొమ్మిదో తరగతి), తండ్రి వృత్తి సేద్యం, సంతకం చోట మా ముత్తాత వేలిముద్ర.

సంగతేంటంటే, అప్పట్లో ఈ బళ్ళు జిల్లా బోర్డువి. 1959లో వాటి బదులు జిల్లా పరిషత్తులు వచ్చాక బడి నేమ్‌బోర్డు మీద పేరు మారింది. కందుకూరు కూడా మొదట్నుంచీ నెల్లూరులోనే ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిపారు, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో మళ్ళీ నెల్లూరుకే తెచ్చారు. మా ఊరు మాత్రం అంగుళం కదల్లేదు!

ఇంకోటి, తాత ‘సిక్స్త్ ఫారం పాసయ్యా’ అంటే పదో తరగతి అనుకునేవాణ్ణి. అది పదకొండో ఏడాది. పాపం, ఒక క్లాసు తగ్గించేశాం ఇన్నాళ్ళూ.

నాన్నకి ఫోన్‌లో ఫొటో చూపించాను. రిజిస్టర్ సంగతి వదిలేసి ఆ వేలిముద్రని జూమ్ చేసుకుంటూ కూర్చున్నాడు.