లినక్స్ డ్రైవర్‌లో టాస్క్ స్టేట్ (థ్రెడ్ మెలకువా, నిద్రా అని చెప్పే గుర్తు) మనమే సెట్ చేయాలా, వెయిట్_ఈవెంట్‌కే వదిలేయాలా?

కొత్త_మాడ్యూల్: నా కెర్నల్ థ్రెడ్ ముందు ఫ్లాగ్ చూస్తుంది. పని లేకపోతే స్టేట్‌ని టాస్క్_ఇంటరప్టిబుల్ (నిద్ర) చేసి, ప్రాసెసర్ వదిలేయడానికి షెడ్యూల్() పిలుస్తుంది. అప్పుడప్పుడు పడుకున్నది మళ్లీ లేవట్లేదు. తప్పెక్కడ?

వేకువ: వరుసలో. మీరు ఫ్లాగ్ చూశాక, స్టేట్ మార్చేలోపు ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ పిలుపు) వచ్చిందనుకోండి. అది ఫ్లాగ్ పెట్టి వేక్_అప్_ప్రాసెస్() పిలుస్తుంది. థ్రెడ్ అప్పటికి మెలకువగానే ఉంది కాబట్టి ఆ పిలుపు వృథా. తర్వాత పడుకుంటే లేపేవాళ్లుండరు. ముందు సెట్_కరెంట్_స్టేట్(), తర్వాత ఫ్లాగ్, చివర షెడ్యూల్(). మధ్యలో ఎవరు లేపినా స్టేట్ టాస్క్_రన్నింగ్ (మెలకువ) అయిపోతుంది, ఇక నిద్ర ఉండదు.

లోహిత: ఇంత దూరం ఎందుకండీ? వెయిట్_ఈవెంట్_ఇంటరప్టిబుల్() వాడండి, షరతు నిజమయ్యేదాకా పడుకోబెట్టే ఆ మాక్రో ఈ వరుసంతా తనే చూసుకుంటుంది.

రాతిగుండు: వరుస ఒక్కటే చాలదు. సెట్_కరెంట్_స్టేట్()లోనే పేరుకి ముందు రెండు అండర్‌స్కోర్లున్న రకం ఉంది, అందులో మెమరీ బ్యారియర్ (రాయడం, చదవడం వరుస తప్పకుండా ఆపేది) ఉండదు. ఎక్స్86 ప్రాసెసర్లలో కూడా స్టేట్ రాయడం కన్నా ముందే ఫ్లాగ్ చదవడం జరిగిపోవచ్చు.

వేకువ: నేను ఆ రకం చెప్పలేదే!

రాతిగుండు: వద్దని కూడా చెప్పలేదు. నా ప్యాచ్‌లో ఇదే తప్పు ఉంటే, రివ్యూలో "వెయిట్_ఈవెంట్ వాడు" అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. కారణం తెలుసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది.

లోహిత: సలహా సరైనదే కదా?

రాతిగుండు: సగమే! ఆ మాక్రోకి ఇచ్చే షరతులో మ్యూటెక్స్ (దొరక్కపోతే నిద్రపుచ్చే లాక్) తీసుకుంటే? మాక్రో లోపల స్టేట్ మార్చాక మళ్లీ షరతు చూస్తుంది. మ్యూటెక్స్ కోసం నిద్రపోతే స్టేట్ మళ్లీ టాస్క్_రన్నింగ్ అవుతుంది, మాక్రో పెట్టిన నిద్ర స్టేట్ పోతుంది. లోపల ఏముందో తెలియకుండా వాడమనడం కొత్తవాళ్లకు అన్యాయం.

లోహిత: మరి నా బాధ వినండి. చేత్తో రాసిన ఇలాంటి లూపులు నాలుగు డ్రైవర్లలో నేనే సరిచేశాను. రాసినవాళ్లు ఒక్కరూ అందుబాటులో లేరు. మీరు నేర్చుకోవడం గురించి మాట్లాడుతున్నారు, నేను ఆ కోడ్‌ని ఏళ్ల తరబడి మోయడం గురించి.

రాతిగుండు: అది ముందే అనాల్సింది. కారణం రాసి మాక్రో చూపిస్తే నాకు అభ్యంతరం లేదు.

కొత్త_మాడ్యూల్: మాక్రోకి మార్చాను. షరతులో ఫ్లాగ్ ఒక్కటే, లాక్ లేదు.

వేకువ: థ్రెడ్‌ని ఆగమన్నారా అని చూసే కేథ్రెడ్_షుడ్_స్టాప్() కూడా అందులోనే చేర్చండి. లేకపోతే కేథ్రెడ్_స్టాప్() లేపినా ఫ్లాగ్ లేదని థ్రెడ్ మళ్లీ పడుకుంటుంది, మాడ్యూల్ తీసేటప్పుడు ఆర్ఎమ్‌మాడ్ ఆదేశం అక్కడే ఇరుక్కుపోతుంది.