అప్‌డేట్: పరెంజానా దారిలో వెళ్లొచ్చాం

బండ్ల టెన్షన్ లేకుండా అడవి కొండలు, శిథిలాలు చూస్తూ సైకిల్ తొక్కే దారి యూరప్‌లో ఉందా అని అడిగాను కదా. మీలో ఒకరు చెప్పిన పరెంజానాకే వెళ్లాం. 1902 నుంచి 1935 దాకా ఇటలీలోని ట్రియెస్టె, క్రొయేషియాలోని పొరెచ్ మధ్య నడిచిన 123 కి.మీ. నారో గేజ్ (సన్న పట్టాల) రైలు దారి అది, ఇప్పుడు సైకిల్ దారి.

క్రొయేషియా వైపు గ్రొజ్న్యాన్ ఊరి నుంచి లివాడే ఊరి దాకా అడవిలో దిగుడే. సొరంగాలు, రాతి వంతెనలు, సగం ఖాళీ అయిన జవర్ష్యే ఊరు... అక్కడే గంటలు గడిచిపోయాయి! రైలు దారే కాబట్టి చదును అనుకోకండి. లివాడే తర్వాత మోటోవున్ వైపు ఎక్కుడే. క్రొయేషియాలో ఎక్కువగా కంకర, సన్న టైర్లు పనికిరావు. సొరంగాలకి లైటు ఉండాల్సిందే.

పొరెచ్‌లో రోమన్ గుడి శిథిలాలు కొన్ని రాళ్లే. 6వ శతాబ్దపు బసిలికా (పాత పెద్ద చర్చి)లోని మొజాయిక్‌లు, అంటే చిన్న రంగు ముక్కలు పేర్చి చేసిన బొమ్మలు మాత్రం వదలొద్దు.